రేసుకారు అద్దం మనమే చేసుకుందాం

మన ఇంజనీరింగు చదువులో లెక్కలకు కొదవలేదు, కొదవంతా చేతిపనికే. కాగితం మీద ఎంత చక్కటి వంపునైనా గీయగల విద్యార్థి, అదే వంపును ఒక షీటులో తెచ్చి చూపించు నాయనా అంటే తెల్లమొగం వేస్తాడు. ఇందులో విద్యార్థిని తప్పుపట్టి లాభం లేదు. మనం నేర్పే తీరే అట్లా ఉంది. ఈ మాట ఊరికే అనడం లేదు. ఒక చిన్న వస్తువును తీసుకుని, దాన్ని చేసుకోవడం ఎట్లాగో చెబుతూ, నా అభిప్రాయాన్ని పాఠక మిత్రుల ముందుంచుతాను. ఆ వస్తువు చిన్న రేసుకారులో డ్రైవరు ముందు బిగించే ప్లాస్టిక్ అద్దం.

మన దేశంలో విద్యార్థులు సొంతంగా బండ్లు కట్టి పోటీకి దిగడం ఇప్పుడు కొత్త సంగతి కాదు. బాజా పోటీలు 2007లోను, సుప్రా పోటీలు 2011లోను మొదలయ్యాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. అది చూసిన కుర్రవాడికి, మనమూ ఒక బండి కడదామని మనసు పుట్టదా? పుడుతుంది, పుట్టాలి కూడా. విద్యార్థుల ఫార్ములా బండ్లు చాలావరకు అద్దం లేకుండానే దిగుతాయి, హెల్మెట్ వైజరుతోనే సరిపెట్టుకుంటాయి. సరదాకొద్దీ కట్టుకునే చిన్న ఓపెన్ కారు సంగతి వేరు. ఎదురుగాలి, దుమ్ము, చక్రాలు ఎగజిమ్మే గులకరాళ్ళు నేరుగా మొగానికి వస్తాయి. దానికి అద్దం ఉండాలి.

ఇక్కడ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "నాలుగు డబ్బులు పారేస్తే రెడీమేడ్ దొరుకుతుంది, ఎందుకొచ్చిన అవస్థ?" అనేది ఒకటి. "ఏదో ఒక ప్లాస్టిక్, కనబడితే చాలదా?" అనేది రెండోది. నేను రెండింటినీ ఒప్పుకోను.

మొదటిదానికి జవాబు సులువు. చేత్తో కట్టిన బండికి దాని ఒళ్ళు దానిదే. దానికి అతికే అద్దం ఏ దుకాణంలోనూ ఉండదు. ఎవరో ఒకరు కొలిచి, కోసి, వంచి ఇవ్వవలసిందే. ఆ ఎవరో మనమే ఎందుకు కాకూడదు?

రెండోదానికి జవాబు కొంచెం కఠినం. 2015 ఆగస్టులో అమెరికాలోని పొకోనో ట్రాక్ మీద, ముందు కారు నుంచి ఊడిన ముక్క హెల్మెట్‌కు తగిలి జస్టిన్ విల్సన్ అనే డ్రైవరు మరణించాడు. ఇండీకార్ వాళ్ళు 2020 నుంచి ప్రతి కారుకూ పాలికార్బొనేట్ పొరలు అతికిన బలమైన తెరను, టైటానియం చట్రంతో సహా పెట్టారు. మనం చేసుకునే 3 మిల్లీమీటర్ల షీటు అంత పని చేయదు. అది రాళ్ళనూ గాలినీ ఆపుతుంది, చక్రాన్ని ఆపలేదు. హెల్మెట్ ఎట్లాగూ ఉండవలసిందే. కాని ఆపవలసిన ఆ అద్దమే పగిలి కత్తిలా గుచ్చుకుంటే అంతకన్నా అన్యాయం ఉందా?

అందుకే ముందు వస్తువును ఎంచుకోవడం నేర్చుకోవాలి. బోర్డులు రాసేవాళ్ళ దగ్గర తేలిగ్గా దొరికేది యాక్రిలిక్. నిగనిగలాడుతుంది, గీతలు తొందరగా పడవు, కాని గట్టి దెబ్బకు పదునైన పెంకులుగా పగులుతుంది. పాలికార్బొనేట్‌ను జర్మనీలో బేయర్ సంస్థకు చెందిన హెర్మన్ ష్నెల్ 1953లో కనిపెట్టాడు. దీని మీద గీతలు ఇట్టే పడతాయి, కాని దెబ్బ తగిలితే సొట్టపడుతుందే తప్ప సామాన్యంగా ముక్కలు కాదు. మొగానికి ఎదురుగా ఉండే చోట నా ఓటు దీనికే. 900 మిల్లీమీటర్ల పొడవు, 400 ఎత్తు, 3 మందం ఉన్న షీటు సుమారు 1.3 కిలోలు తూగుతుంది. అదే కొలత గాజు అయితే 2.7 కిలోలు. ఎండను తట్టుకునే పూత ఉన్న షీటు కొని, ఆ పూత వైపును బయటికి తిప్పాలి. నంద్యాల ఎండల గురించి నేను వేరే చెప్పాలా?

మొదటిసారి చేసేవాళ్ళకు ఓవెన్ అక్కరలేదు. అట్టముక్కను బండి మీద ఆనించి, కత్తిరించి, మళ్ళీ కత్తిరించి ఆకారం కుదుర్చుకోవాలి. ఆ అట్ట ప్రకారం షీటు కోసి, చేత్తో వంచి చట్రానికి బిగించడమే. పాలికార్బొనేట్‌కు ఒక లెక్క ఉంది: చల్లగా వంచేటప్పుడు వంపు వ్యాసార్ధం మందానికి 100 రెట్లకు తగ్గకూడదు. అంటే 3 మిల్లీమీటర్ల షీటుకు 300. అంతకు మించి వంచితే లోపల ఒత్తిడి నిలిచిపోయి కొన్నాళ్ళకు పగుళ్ళు వస్తాయి.

రెండువైపులా వంపు కావాలంటే మాత్రం వేడి తప్పదు. పాలికార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ముందు 120 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆరబెట్టి, ఆ తర్వాత 180 డిగ్రీల దాకా తీసుకుపోయి అచ్చు మీద పరచాలి. ఆరబెట్టకుండా తొందరపడితే షీటు నిండా బుడగలే. గాలి ఆడే చోట, చేతులకు తొడుగులతో, అధ్యాపకుడు దగ్గరుండగా చేయవలసిన పని ఇది.

ఇక్కడే నాకు మా ఊరు గుర్తుకొస్తుంది. మాది ఆళ్ళగడ్డ. ఉలి చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. అద్దానికి ప్రాణం అచ్చులో ఉంది. అచ్చులో వెంట్రుకవాసి ఎత్తుపల్లం ఉన్నా వేడి షీటు దాన్ని పట్టేస్తుంది, చూపు చెదురుతుంది. రాతి అచ్చు దీనికి పనికిరాదు, చల్లటి రాయి షీటు వేడిని ఒక్కసారిగా లాగేస్తుంది. చెక్కతోనో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో చేసి, పైన మెత్తటి ఉన్నిగుడ్డ పరచాలి. మనకు కావలసింది శిల్పి రాయి కాదు, శిల్పి అరచెయ్యి. విగ్రహం చెక్కిలి మీద చెయ్యి రాసి "ఈడ ఇంకా రవ్వంత ఎత్తుంది" అనగలిగినవాడు మన అచ్చును చూసి కూడా ఆ మాటే చెప్పగలడు. నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య దూరం 40 కిలోమీటర్లు. రెండూ ఒకే జాతీయ రహదారి మీద, 2022 నుంచి ఒకే నంద్యాల జిల్లాలో ఉన్నాయి. అయినా ఆ చేతికీ మన వర్కుషాపుకీ పరిచయం లేదు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

బిగింపులో కూడా ఒక పాఠం ఉంది. పాలికార్బొనేట్ వేడికి గాజు కన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. చలికాలం ఉదయానికీ మే నెల మధ్యాహ్నానికీ 50 డిగ్రీల తేడా వచ్చిందనుకుందాం, 900 మిల్లీమీటర్ల అద్దం దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కనుక రంధ్రం బోల్టు కన్నా పెద్దదిగా, అంచుకు దూరంగా ఉండాలి, రబ్బరు వాషరు వేయాలి, బిర్రుగా బిగించకూడదు. ఉష్ణవ్యాకోచం గురించి పరీక్షలో పది మార్కుల జవాబు రాసినవాడు కూడా బోల్టు దగ్గర పగులు చూసిన రోజునే దాన్ని నిజంగా చదువుకుంటాడు. తుడవడం కూడా సబ్బునీళ్ళతోనే. షెడ్డులో అలవాటుగా పెట్రోలు గుడ్డ తీశారో, అద్దం సన్నసన్నగా బీటలువారుతుంది.

చివరి పరీక్ష ఖర్చులేనిది. గళ్ళు గీసిన బోర్డు ఎదురుగా పెట్టి, డ్రైవరు సీట్లో కూర్చుని అద్దంలోంచి చూడాలి. గీతలు వంకర తిరిగాయా, ఆ అద్దం పక్కన పెట్టి మళ్ళీ చేయవలసిందే. ఇక్కడ మొగమాటం పనికిరాదు.

"సిలబసు పూర్తికాక చస్తుంటే ఇదెక్కడి గొడవ?" అని కొందరు అధ్యాపక మిత్రులు అనవచ్చు. వారి ఇబ్బంది నాకు తెలుసు. కాని ఈ ఒక్క అద్దంలో పదార్థశాస్త్రం, ఉష్ణం, జ్యామితి, కాంతి నాలుగూ ఉన్నాయి. వారానికి రెండు సాయంత్రాలు వర్కుషాపు తాళం తీయండి. ఒక చిన్న ఓవెన్‌కు విద్యార్థి సంఘం తన నిధుల్లోంచి కొంత ఇవ్వాలి, మావంటి పూర్వ విద్యార్థులు మిగతా వేసుకోవాలి. ఆళ్ళగడ్డ శిల్పిని ఏడాదికోసారి పిలిపించి, వచ్చే ఆచార్యులకు ఇచ్చినట్టే గౌరవ పారితోషికం ఇచ్చి, అదే వేదిక మీద అదే కుర్చీ వేయాలి. చేతిలో విద్య ఉన్నవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టినన్నాళ్ళు మన విద్యార్థుల చేతులకు పని రాదు. ఈ సంవత్సరం సంఘం పెద్దలు ఈ విషయాన్ని ఎజెండాలో చేర్చి చర్చిస్తారని ఆశిస్తున్నాను.