కుక్క కడుపున నెయ్యి ఇముడునా?

“కుక్క కడుపున నెయ్యి ఇముడునా?” అను సామెతను ఎరుగని తెలుగువారు అరుదు. అల్పునికి భాగ్యము నిలువదని ఎత్తిపొడుచుటకు దీనిని వాడుదురు. ఉన్నదున్నట్లుగా, కుక్క ఆరోగ్యమును గూర్చి చెప్పిన మాటగానే దీనిని గ్రహింపవలెనని నా అభిప్రాయము. ఈ అభిప్రాయము నాకు ఊరక కలుగలేదు.

ఆదోనిలో నాకు పరిచయమున్న ఒక కుటుంబమువారు ఎనిమిదేండ్ల కుక్కను ముద్దుగా పెంచుకొన్నారు. అది బాగా ఒళ్లు చేసినది. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర చూచి వచ్చిన బంధువులకు వారి ఇంట విందు జరిగినది. మిగిలిన మాంసపు కొవ్వు, నూనె తేలు పులుసు, ఉగ్గానితో తినగా మిగిలిన బజ్జీలు అన్నియు కుక్కకు వేసినారు. మరునాటి నుండి దానికి వాంతులు. ముందుకాళ్లు నేలకు వంచి, నడుము పైకెత్తి మూలుగుచుండెను. అజీర్ణమని తలచి, ఆముదము పట్టించి రెండు రోజులు చూడుమని చెప్పినవాడను నేనే. మూడవనాడు పశువైద్యుని యొద్దకు తీసికొనిపోయినారు. అది క్లోమశోథ అని ఆయన చెప్పినాడు. ఆ రాత్రియే కుక్క మరణించినది. ఆముదమే చంపినదని ఆయన అనలేదు. కాని చికిత్స అందవలసిన రెండు రోజులు నా సలహా వలన జారిపోయినవి.

క్లోమగ్రంథి కడుపు ప్రక్కన ఉండి జీర్ణరసములను తయారుచేయును. అవి ప్రేవులోనికి చేరిన పిమ్మటనే చురుకు పొందవలెను. ఏదో కారణమున గ్రంథిలోనే చురుకు పొందినచో, ఆహారమునకు బదులు గ్రంథినే జీర్ణము చేయుటకు మొదలిడును. దీనినే డాక్టర్లు పాంక్రియాటైటిస్ అందురు.

కుక్కలలో దీనికి ప్రధానముగా చెప్పబడు కారణము కొవ్వు మిక్కిలిగా గల ఆహారము, అందునా అలవాటు లేనిది ఒక్కసారిగా తినుట. స్థూలకాయము, నడివయస్సు దాటుట, రక్తములో ట్రైగ్లిజరైడులు పెరుగుట, మధుమేహము, థైరాయిడ్ లోపము, కడుపునకు దెబ్బ తగులుట కూడ ప్రమాదమును పెంచును. మినియేచర్ ష్నౌజర్ జాతికి ఈ వ్యాధి ఎక్కువ. మూర్ఛకు వాడు ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్ వంటి మందులకును దీనితో సంబంధము కలదు. అయినను వానిని వైద్యుని అడుగక మానరాదు.

మన పత్తి ప్రాంతమువారు గమనింపవలసిన కారణము మరియొకటి ఉన్నది. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు కుక్కలకు, పిల్లులకు కూడ క్లోమశోథ కలిగింపగలవు. చేనికి కొట్టగా మిగిలిన మందును గోమార్లు పోవుటకై కుక్క ఒంటికి పూయుట గృహవైద్యము కాదు, విషప్రయోగము. కుక్క తన ఒళ్లు తాను నాకుకొనునని మరువరాదు.

పిల్లి సంగతి వేరు. దానికి కొవ్వు ఆహారమే కారణమని రుజువు కాలేదు. పెక్కు పిల్లులలో కారణమే దొరకదు. ఎత్తునుండి పడుట, టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి కొన్నింట కారణములు. పిల్లిలో క్లోమనాళము పిత్తనాళముతో కలిసి ప్రేవులోనికి తెరచుకొనును. కావున ప్రేవు, కాలేయము, క్లోమము మూడును కలిసి వాపు పొందుట కద్దు. వాంతులు లేకపోవచ్చును. తిండి మాని, మూలన నక్కి ఉండుటయే ఏకైక లక్షణము కావచ్చును. “లంఘనం పరమౌషధం” అని పిల్లిని పస్తుంచరాదు. కొన్ని దినములు తినని పిల్లికి, ముఖ్యముగా లావుపాటి పిల్లికి, ఒంటి కొవ్వు కాలేయమున పేరుకొని ప్రాణాపాయము కలుగును.

నేను ఆయుర్వేదమును తక్కువ చేయుటలేదు. అగ్నిబలమునకు మించిన గురు, స్నిగ్ధాహారము వ్యాధికి మూలమని మన శాస్త్రము చెప్పుచునే ఉన్నది. ఏనుగులకు పాలకాప్యుని పేర, గుఱ్ఱములకు శాలిహోత్రుని పేర వేరువేరు వైద్యశాస్త్రములు మనకు కలవు. ఒక ప్రాణికి చెప్పిన విధి మరియొక ప్రాణికి చెల్లదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? మనుష్యునికి చెప్పిన ఆముదమును, పస్తును కుక్కకు, పిల్లికి అంటగట్టుట శాస్త్రము కాదు, సోమరితనము. ఆ తప్పు నేను చేసితిని.

కావున పాఠకులకు నా మనవి. పండుగనాడు కుక్కకు మిగులు కూరలు, కొవ్వు, వేపుడు పదార్థములు వేయకుడు. దాని మామూలు తిండియే పెట్టుడు. పదేపదే వాంతి, కడుపునొప్పి, తిండి మానుట కనిపించినచో నూనె, నెయ్యి, ఆముదము, మన నొప్పిమాత్రలు ఏవియు నోట పోయక అదే దినమున పశువైద్యశాలకు తీసికొనిపొండు. రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ ద్వారా దీనిని గుర్తింతురు. సెలైను, నొప్పి తగ్గించు మందు, వాంతి ఆపు మందు ఇచ్చి, కుక్కకైనచో కొవ్వు తక్కువగల ఆహారమును త్వరగా మొదలుపెట్టుదురు. సకాలమున చేరినచో బ్రతుకునవి పెక్కు.

వంటింటిలో ఔషధమున్నది, నిజమే. కుక్కకు మాత్రము వ్యాధియు అచ్చటనే ఉండవచ్చును.