రబ్బరు దిగుబడి లెక్కల్లో లేని గడి: భూమి ఎవరిది?

నయాపూల్ చుట్టుపక్కల ఫుట్‌పాత్‌ల మీద రబ్బరు చెప్పులు గుట్టలుగా పోసి అమ్ముతారు. వాటిలో ఇప్పుడు చాలా భాగం సింథటిక్ సరుకే. కానీ మన పల్లెల్లో తోలుచెప్పును మూలకు నెట్టింది రబ్బరు చెప్పూ, టైరు చెప్పూనే. రైతు కాలికి చెప్పు కుట్టిన మాదిగ వృత్తి పోయింది, దాన్ని అంటుకుని ఉన్న వెట్టీ కొంత పోయింది. పోయినందుకు బాధపడాలా, సంతోషపడాలా అని మనం చాలా వాదించుకున్నాం. ఆ రబ్బరు పాలు ఏ తోటలో కారాయి, ఆ చెట్టు ఎవరిది అని మాత్రం అడగలేదు.

ఇప్పుడు అడగాల్సిన పని పడింది. దేశానికి ఏటా 14 లక్షల టన్నుల సహజ రబ్బరు కావాలి, పండేది ఎనిమిదిన్నర లక్షల టన్నుల చిల్లర. హెక్టారుకు ఒకప్పుడు 1,800 కిలోలు దాటిన సగటు దిగుబడి ఈ మధ్య 1,500 లోపే ఉంటోంది. చెట్లు ముసలివయ్యాయి, ధర పడినప్పుడు గీయకుండా వదిలేశారు, ఆకురాలు తెగులు తోడైంది. అందుకే ‘ఉత్పాదకత’, ‘సుస్థిరత’ అన్న రెండు మాటలు రబ్బరు మీద జరిగే ప్రతి సభలోనూ వినిపిస్తున్నాయి.

సాంకేతికంగా చెప్పేవి మంచి మాటలే. కొట్టాయంలోని రబ్బరు పరిశోధన సంస్థ 1980లో విడుదల చేసిన ఆర్‌ఆర్‌ఐఐ 105 రకం కేరళ తోటల రూపమే మార్చింది. తర్వాత 414, 430 వచ్చాయి. రోజు విడిచి రోజు చెట్టు గీసే బదులు వారానికోసారి గీసి, ఎథిఫాన్ మందు పూస్తే పాలు పెద్దగా తగ్గవు, బెరడు ఎక్కువ కాలం నిలుస్తుంది, కూలి ఖర్చు తగ్గుతుంది. వానాకాలంలో గీత మీద ప్లాస్టిక్ గొడుగు కడితే పని ఆగదు. ఇవన్నీ నిజం. కాకపోతే, ‘కూలి ఖర్చు తగ్గుతుంది’ అన్నచోట కాస్త ఆగాలి. తెల్లవారుజామున తలకు లైటు కట్టుకుని మూడొందల చెట్లు గీసే మనిషికి అది ఖర్చు కాదు, బతుకు. గీసేవాళ్లు దొరకడం లేదని పరిశ్రమ ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. తరతరాలుగా గీసినవాడి కొడుకు ఆ కత్తి ఎందుకు పట్టనంటున్నాడో మాత్రం పట్టించుకోదు.

దానికి జవాబు భూసంస్కరణల్లో ఉంది. కేరళ 1963 చట్టం, 1969 సవరణ కౌలుదారును యజమానిని చేశాయి. దేశమంతా పొగిడింది. అయితే దళితులు కౌలుదారులు కారు, కూలీలు. వాళ్లకు దక్కింది గుడిసె ఉన్న జాగా: పంచాయతీలో పది సెంట్లు, పట్నంలో ఐదు, నగరంలో మూడు. పెద్ద తోటలకేమో భూపరిమితి నుంచి మినహాయింపు. ఇవాళ రబ్బరు విస్తీర్ణంలో దాదాపు 90 శాతం చిన్న కమతాలదే అని గర్వంగా చెబుతారు. నిజమే, కానీ ఆ చిన్న కమతం కూడా సెంట్లలో భూమి దక్కినవాళ్లది కాదు.

2007 ఆగస్టు 4న పత్తనంతిట్ట జిల్లా చెంగరలో వేలాది కుటుంబాలు హారిసన్స్ మలయాళం కంపెనీ రబ్బరు ఎస్టేట్‌లోకి వెళ్లి గుడిసెలు వేసుకున్నది అందుకే. వాళ్లలో ఎక్కువమంది దళితులు. నాయకుడు లాహా గోపాలన్. అడిగింది ఇళ్ల స్థలం కాదు, సాగుభూమి. పోలీసులు వస్తే ఉరితాళ్లతో చెట్లెక్కారు. తోట కార్మిక సంఘాలే దారులు దిగ్బంధించాయి (మన వామపక్ష మిత్రులు ఈ ఘట్టాన్ని తొందరగా దాటేస్తారు). 2009 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. కొందరికి చూపించిన భూమి రాళ్లూరప్పలూ కావడంతో మళ్లీ చెంగరకే తిరిగొచ్చారు. కంపెనీ భూముల స్వాధీనానికి ప్రత్యేకాధికారి చేపట్టిన చర్యల్ని 2018లో హైకోర్టు కొట్టేసింది.

‘సుస్థిర’ రబ్బరు సంగతీ చూద్దాం. అడవి నరికిన నేలలో పండిన రబ్బరు తమకొద్దని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. అమలు వాయిదాలు పడుతోంది గానీ సారం ఇది: ప్రతి తోటకూ అక్షాంశ రేఖాంశాలు ఉండాలి, సాగు చట్టబద్ధమని రుజువు ఉండాలి. అడవిని కాపాడాల్సిందే. కానీ కాగితం లేని రైతు ఏం చూపిస్తాడు? మరోవైపు ధరలు కుమ్మక్కై నిర్ణయించారంటూ ఐదు టైర్ల కంపెనీలకూ వాటి సంఘానికీ కాంపిటీషన్ కమిషన్ వేసిన 1,788 కోట్ల రూపాయల జరిమానా 2022లో బయటపడింది. అదే ఏడాది చివర్లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని పునఃపరిశీలనకు తిప్పి పంపింది. 2011లో కిలో 240 రూపాయలు తాకిన రబ్బరు 2016 మొదట్లో వందకు దిగువన పడింది. టైరు ధర అలా పడిందా?

ఇదంతా కేరళ గొడవ అనుకుంటే పొరపాటు. మారేడుమిల్లి, రంపచోడవరం ఏజెన్సీలో రబ్బరు ఉంది. తెలంగాణలోనైతే అసలు పందెం ఆయిల్‌పామ్ మీద. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో మిషన్ ప్రకటించాక అశ్వారావుపేట, దమ్మపేటల పంట జిల్లా జిల్లాకూ పాకుతోంది. రబ్బరు చెట్టు పాలకు రావడానికి ఏడేళ్లు, ఆయిల్‌పామ్ గెల కోతకు నాలుగేళ్లు. అన్నేళ్లు ఆగాలంటే చేతిలో పట్టా ఉండాలి, ఈలోపు తినడానికి వేరే ఆదాయం ఉండాలి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో ఎస్సీల సాగులో ఉన్నది మొత్తం విస్తీర్ణంలో 9 శాతం లోపే. అందులోనూ ఎక్కువ చిన్నచిన్న ముక్కలు, అసైన్డ్ భూములు. దళిత కౌలురైతుకు ఏడాది ఒప్పందమే గట్టిగా దొరకదు, పాతికేళ్ల చెట్టు ఎలా పెడతాడు?

పైగా పత్తి చేలో కలుపు తీసి, ఏరి బతికే ఆడవాళ్లకు తోట వేశాక అన్ని పనిదినాలు ఉండవు. సబ్సిడీ ఎన్ని ఎకరాలకు ఇచ్చారో ప్రభుత్వం లెక్క చెబుతుంది. ఆ ఎకరాల్లో అంతకుముందు ఎంతమంది కూలికి వెళ్లారో, ఎంతమంది కౌలు పోగొట్టుకున్నారో ఊరూరా తిరిగి రాయాల్సింది మనమే. మొక్కలు ఇంకా మోకాలెత్తునే ఉన్న ఊళ్లలో ఆ పని ఇప్పుడైతే తేలిక.