చుక్కల చుట్టూ గీతలు గీసే ముందు

పిన్‌కోడ్ అంటే ఒక ప్రాంతం పేరు లాంటిదని మనలో చాలామంది అనుకుంటాం. నిజానికి అది ఉత్తరాలు బట్వాడా చేసే పోస్టాఫీసుకు ఇచ్చిన సంఖ్య. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలైంది. ఆరంకెల్లో మొదటిది జోన్‌ను, చివరి మూడు పోస్టాఫీసును సూచిస్తాయి. పటం మీద పెడితే పోస్టాఫీసు ఒక చుక్క మాత్రమే. దాని చుట్టూ గీత గీసి ప్రాంతంగా మార్చేది మనమే.

క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పనికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది కాన్వెక్స్ హల్. ఒక పిన్‌కోడ్ కింద ఉన్న పోస్టాఫీసుల చుక్కలన్నిటి చుట్టూ రబ్బరు బ్యాండు వేసినట్టు గీత గీస్తుంది. అయితే పక్కపక్క బ్యాండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మధ్యలో ఎవరికీ చెందని ఖాళీలు మిగులుతాయి. రెండోది వొరొనాయ్. ఇది ప్రతి స్థలాన్నీ దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చుక్కకు అప్పగిస్తుంది. ఆ తర్వాత ఒకే పిన్‌కోడ్ ఉన్న ముక్కలను డిజాల్వ్‌తో కలిపి, క్లిప్‌తో జిల్లా హద్దు వరకు కత్తిరిస్తే, ఎక్కడా ఖాళీ లేని శుభ్రమైన పటం వస్తుంది.

అది శుభ్రంగా ఉంది కాబట్టి నిజమని నమ్మడం దగ్గరే నా అభ్యంతరం. గోదావరికి ఒక ఒడ్డున రాజమహేంద్రవరం (533101), ఎదుటి ఒడ్డున కొవ్వూరు (534350) ఉన్నాయి. వొరొనాయ్ చూసేది చుక్కల మధ్య తిన్నని దూరాన్నే. మధ్యలో నది ఉందనీ, వంతెన ఎక్కడుందనీ దానికి తెలియదు. నది నడుమ లంకలోని ఊరికి పడవ ఏ ఒడ్డు నుంచి వెళ్తుందో అది అడగదు. ఒక పోస్టాఫీసు అక్షాంశంలో ఒక్క అంకె తప్పు పడితే, ఆ తప్పు చుక్క చుట్టూ కూడా అంతే చక్కని ప్రాంతాన్ని గీసి ఇస్తుంది. చుక్కగా ఉన్నప్పుడు పట్టుకోగలిగిన తప్పు రంగు నింపాక దాగిపోతుంది.

ఇది పటానికే పరిమితమైన సంగతి కాదు. 2021లో టీకా కోసం కోవిన్‌లో పిన్‌కోడ్ కొట్టి వెతికిన ఇళ్లు ఎన్నో. వీధి దాటితే వేరే పిన్‌కోడ్ అయిన చోట, ఎదురుగా ఉన్న కేంద్రం కూడా ఆ జాబితాలో కనబడేది కాదు. "మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదు" అనే మాట మనకు కొత్త కాదు. గీత ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి కొందరికి సేవ అందుతుంది, కొందరికి అందదు.

శుభ్రమైన హద్దులే వద్దని నేను అనడం లేదు. ప్రతి ఇల్లూ ఏదో ఒక ప్రాంతంలోనే పడాలి, లేకపోతే లెక్క తేలదు. కానీ మన ప్రాజెక్టు పటాల్లో మూడు పనులు తప్పకుండా చేద్దాం. ప్రాంతాలకు రంగులు వేసినా చుక్కలను చెరపొద్దు. హద్దులు ఏ పద్ధతిలో గీశామో పటం కిందే రాద్దాం. హద్దు మీద పడిన ఊళ్ల గురించి అక్కడి పోస్ట్‌మన్‌ను గానీ, ఊరివాళ్లను గానీ అడుగుదాం.

చివరగా, మనలో చాలామందికి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. దేశంలోని తొమ్మిది పిన్ జోన్లలో ఎనిమిదే భూభాగాలకు చెందినవి. తొమ్మిదోది సైన్యం తపాలాది. 56 ఏపీఓకో 99 ఏపీఓకో ఉత్తరం రాసే పిల్లలకు ఆ అడ్రసు పటంలో ఎక్కడుందో తెలియదు, తెలియకూడదు కూడా. దాని చుట్టూ ఏ సాఫ్ట్‌వేరూ హద్దు గీయలేదు. అయినా ఉత్తరం చేరుతుంది. అడ్రసు అంటే పటం మీది గీత ఒక్కటే కాదనడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?