మంచం ఎవరికి వేస్తం?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద, మక్కలు ఆరబోసే రోజుల్లో, మీరు ఎప్పుడన్న సైకిల్ తొక్కిన్రా? సగం రోడ్డు మక్కలదే. మిగిలిన సగంల బస్సు, ట్రాక్టర్, బైకులు, మేకలు. సైకిల్‌కు మిగిలేది అంచుకున్న జానెడు మట్టి. పోయిన వారం ఆ అంచు మీద ఒక జంట గేర్ల సైకిళ్ళు తొక్కుకుంట వచ్చిన్రు. భార్యాభర్తలు. పెద్ద పట్నంల ఉద్యోగాలు, కొన్ని నెలలు సెలవు పెట్టి దేశం చూద్దామని బయల్దేరిన్రు. లింగంపేట దాటినంక ఆమె సైకిల్ టైరు చినిగింది. పొద్దుగూకుతున్నది. మా తండా మలుపు కాడ నిలబడిపోయిన్రు.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పనక్కర్లేదు, మీ ఊర్ల గూడ అదే జరుగుతది. మా యాడి వాళ్ళ పేరు అడగలేదు, కులం అడగలేదు. తిన్నరా అని అడిగింది. వాకిట్ల నులక మంచం వాల్చింది. జొన్న రొట్టెలు, పప్పు, మిర్చి తొక్కు. మా బాబాయి కొడుకు ఆ టైరును బైకు మీద వేసుకొని ఎల్లారెడ్డి పోయి, రెండు దుకాణాలు తిరిగి, సరిపోయేది దొరకక, పాత టైరు ముక్క లోపల పెట్టించి తెచ్చిండు. పొద్దున పోయేటప్పుడు వాళ్ళు ఐదువందల నోటు తీస్తే మా యాడి నవ్వి, ఆ నోటును ఆమె సంచిలనే పెట్టేసింది. నిజాంసాగర్ చూసి, బాన్సువాడ మీదుగ నిజామాబాద్, అక్కడి నుంచి నిర్మల్, మహబూబ్ ఘాట్ ఎక్కి ఉట్నూరు దిక్కు పోతమన్నరు. దండారి చూడాలని వాళ్ళ కోరిక.

నాలుగు రోజులకు నా ఫోన్ల వీడియో వచ్చింది. మా ఇల్లే. మా యాడి రొట్టె కొడుతున్నది. కింద రాసింది ఏందంటే, ఏమీ లేని అమాయక గిరిజనులు మాకు అంతా ఇచ్చేశారు అని. దండం పెట్టే బొమ్మలు, గుండె బొమ్మలు. మా తండా పోరగాళ్ళు దాన్ని మురిసిపోయి స్టేటస్ పెట్టుకున్నరు. నాకు మాత్రం ఆ రెండు మాటల కాడ ఆగిపోయింది. 'ఏమీ లేని'. 'అమాయక'.

ఆ జంట మీద నాకు కోపం లేదు, ముందే చెప్తున్న. మంచోళ్ళే. గుట్టల దారి చూస్తమని కార్ల అద్దాలు ఎక్కించుకొని పోయేటోళ్ళకన్న, చెమట కార్చుకుంట, కుక్కలతోని మొరిగించుకుంట వచ్చేటోళ్ళు మనకు దగ్గర. నేను అడిగేది మనల్ని. ఆ రెండు మాటలు చదివి మనకు ఎందుకు సంబురం అయింది?

ఏమీ లేకుంటే ఆ జొన్నలు ఎక్కడియి? మా ఎకరంన్నరల పండినయి. అడవి పందుల నుంచి కాపాడుకొని, రాత్రుళ్ళు మంచె మీద పండుకొని తెచ్చుకున్నయి. ఆ రొట్టెల కోసం మా యాడి మళ్ళ పొయ్యి ముట్టించింది, అదీ పొద్దంత కైకిలి చేసి వచ్చినంక. వాళ్ళు మా అర్రల పండుకుంటే ఆమె వంటకాడ కింద పండుకున్నది. వీడియోల అది లేదు. తండా మర్యాద, గూడెం మర్యాద అని మనం మైకుల చెప్పుకునే దాంట్ల చాన మటుకు ఆడోళ్ళ నడుము నొప్పే. మొగోళ్ళం మంచం వాల్చి ముచ్చట పెడతం, అంతే.

ఇగ అమాయకం. దారి గురించి మనకు ఎవరన్న నేర్పాలెనా? ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగిన జాతి మాది. దాన్ని లదేణి అంటం. మొగలుల దండుకు, నిజాం దండుకు తిండిగింజలు మోసింది బంజారా ఎడ్లే. భార్యాభర్తలు, పిల్లలు, ముసలోళ్ళు, అందరూ దారి మీదనే. రైళ్ళు వచ్చినంక ఆ బతుకు పోయింది. 1900 ప్రాంతంల మన కామారెడ్డి మీదుగ గూడ మన్మాడ్ లైను పడ్డది. అంతకు ముందే 1871ల తెల్లోడు ఒక చట్టం తెచ్చిండు, తిరిగే జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులని రాసే చట్టం. బంజారాలు, ఎరుకలోళ్ళు చాన చోట్ల ఆ జాబితాలకు ఎక్కిన్రు. ఊరు దాటాలంటే పోలీసుకు చెప్పాలె. 1952 ఆగస్టు 31 దాకా అది పోలేదు. ఒకరు తిరిగితే టూరు, మనం తిరిగితే నేరం. ఇది ఎన్నడో గడిచిన ముచ్చట అనుకుంటే, రాత్రి పది దాటినంక మన పిల్లలు బైకు మీద పట్నంల తిరిగినప్పుడు ఎన్నిసార్లు ఆపుతరో వాళ్ళనే అడగండి.

జంటగా దారి పట్టేటోళ్ళు మన దగ్గర ఇప్పటికీ ఉన్నరు. నారాయణఖేడ్ దిక్కు తండాల నుంచి చెరుకు నరకపోయే జంటలను చూసిన్రా? మహారాష్ట్రల మేస్త్రీ భార్యాభర్తలను ఇద్దరుగా లెక్కపెట్టడు. ఇద్దరిని కలిపి ఒక 'కోయత' అంటడు. కోయత అంటే కొడవలి. మనుషుల పేర్లు గూడ కాదు, ఒక కొడవలి. ముందే అడ్వాన్స్ తీసుకుంటరు, కాబట్టి ఆమెకు ఒంట్ల బాగలేకున్న నడుమల రావద్దు. చెరుకు ఆకుల గుడిసె, బయటనే స్నానం, తెల్లారకముందే పని. వాళ్ళు గూడ గుట్టలు దాటుతరు, జిల్లాలు దాటుతరు, రాష్ట్రం దాటుతరు. వాళ్ళు పోయే దారిల ఎవరు మంచం వేస్తరు? ఎవరు వీడియో తీసి గుండె బొమ్మ పెడతరు?

ఈ ప్రశ్న వేరేటోళ్ళ మీద వేసి తప్పించుకునుడు సులువు. మన మీద గూడ వేసుకోవాలె. నాట్ల కాలంల బీహార్ నుంచి, బెంగాల్ నుంచి గుంపులు గుంపులుగా పిల్లలు వస్తున్నరు. ఎకరానికి ఇంత అని గుత్తకు మాట్లాడుకొని నాట్లు వేస్తరు. బావి కాడ మోటరు షెడ్ల పండుకుంటరు. మా యాడి సైకిల్ జంటను తిన్నరా అని అడిగింది కదా, ఆ బీహార్ పిల్లల్ని మా తండాల ఎవరన్న అడిగిన్రా? నేనైతే అడగలేదు. గీత గీసి బియ్యం కొలిచి ఇచ్చిన. సైకిల్ మీద వచ్చినోళ్ళు చదువుకున్నోళ్ళు, తెల్లబట్టలోళ్ళు కాబట్టి మంచం దొరికిందా అని నాకు ఇప్పుడు అనుమానం వస్తున్నది. మన మర్యాద నిజంగా మన ఆచారమా, లేకుంటే పెద్దోళ్ళ ముందు అలవాటైన వంగుడా? ఈ అనుమానం మీకు గూడ రావాలని రాస్తున్న.

ఆచారమే అయితే దానికి లెక్క ఉంటది. ఆ జంట చూడపోతున్న దండారి సంగతే తీసుకోండి. దీపావళి రోజుల్ల గోండు గూడేల నుంచి దండారి దళం బయల్దేరుతది. నెమలి ఈకల టోపీల గుస్సాడీలు, డప్పు, తుడుం. ఇంకో ఊరికి పోతరు. ఆ ఊరు అందరికీ వండి పెడుతది, పండుకునే చోటు చూపిస్తది. ఆడతరు, సంబంధాలు మాట్లాడుకుంటరు. తర్వాత ఈ ఊరు ఆ ఊరికి పోతది. పెట్టిన చెయ్యే ఎప్పటికీ పెట్టదు, తిన్న నోరే ఎప్పటికీ తినదు. నాగోబా జాతర ముందు మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నుంచి హస్తినమడుగుకు గోదావరి నీళ్ళ కోసం నడిచిపోతరు. దారిపొడుగునా గూడేలల్ల మజిలీలు. అక్కడ తినే బువ్వను ఎవరూ దానం అనరు. అది సంబంధం.

మరి బయట నుంచి వచ్చిన అతిథి ఈ లెక్కలోకి ఎట్ల వస్తడు? వచ్చినోళ్ళు ఉన్నరు. ఒడిశాల దళిత కుటుంబంల పుట్టిన ప్రద్యుమ్న కుమార్ మహానందియా, స్వీడన్‌ల ఉన్న తన ప్రేమికురాలు లోట్టా కోసం 1977 జనవరిల ఢిల్లీ నుంచి పాత సైకిల్ మీద బయల్దేరి, అఫ్గానిస్తాన్, ఇరాన్, టర్కీ దాటి మే నెలల అక్కడికి చేరిండు. జేబుల పైసలు అంతంతే. దారిల అన్నం పెట్టినోళ్ళ బొమ్మ గీసి చేతిల పెట్టేటోడు. తిన్నదానికి తనకు వచ్చిన విద్య ఇచ్చిండు.

మన దగ్గరిదే ఇంకో జంట. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టి. 1940ల జోడేఘాట్‌ల కొమురం భీమ్‌ను కాల్చి చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో చూసి చెప్పమని నిజాం సర్కారు పంపితే ఆదిలాబాద్ గుట్టలల్లకు వచ్చిన్రు. గుర్రాల మీద, ఎడ్లబండ్ల మీద, నడక మీద ఊరూరు తిరిగిన్రు. మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు. సర్కారు పంపిన మనిషే, అది మరిచిపోవద్దు. కానీ తిన్న అన్నానికి ఏం చేసిన్రు? 1943ల మార్లవాయిల గోండు పిల్లల్ని పంతుళ్ళుగా తయారుచేసే బడి మొదలైంది, గోండి భాషల వాచకాలు వచ్చినయి. ఆయన రాసిన రిపోర్టుల వల్ల వేల కుటుంబాలకు భూమి పట్టాలు వచ్చినయి. 1987ల బెట్టి హైదరాబాద్‌ల చనిపోతే, ఆమె కోరిక ప్రకారం మార్లవాయిల సమాధి చేసిన్రు. ఆయన పోయినంక ఆయన అవశేషాలు గూడ అక్కడికే తెచ్చిన్రు. ఇప్పటికీ ఏటా జనవరిల ఆ ఊరోళ్ళు వాళ్ళను యాది చేసుకుంటరు. ఎవరన్న వాళ్ళను 'టూరిస్టులు' అంటరా?

ఇక్కడ ఒక చేదు ముచ్చట గూడ చెప్పాలె. నేను లంబాడీని. అదే హైమండార్ఫ్ తర్వాత రాసిన పుస్తకాలల్ల, బయట నుంచి వచ్చి గోండుల భూముల మీద కూసున్నోళ్ళ లెక్కల మా లంబాడీలు గూడ ఉన్నరు. అంటే ఆ గుట్టలల్ల మేము గూడ ఒకప్పుడు అతిథులమే. లేవని అతిథులం. ఇయ్యాల ఆదివాసీలు, లంబాడీలు అని మన మధ్య నడుస్తున్న కొట్లాట మూలం కొంత అక్కడ ఉన్నది. దాని తీర్పు నేను చెప్పలేను, కానీ అది దాచిపెట్టి ఆతిథ్యం మీద వ్యాసం రాస్తే అబద్ధం రాసినట్టే. కామారెడ్డి తండాల ఉండే మా పిల్లలు ఆ పుస్తకాలు చదవాలె. కోపం వస్తది. వచ్చినా చదవాలె.

ఇంకోటి. మన మర్యాద గొప్పదని ఛాతి చరుచుకునే ముందు 2024 మార్చి 1 రాత్రిని గుర్తు చేసుకోండి. మోటరు సైకిళ్ళ మీద దేశాలు తిరుగుతున్న స్పెయిన్ జంట జార్ఖండ్‌ల, దుమ్కా జిల్లాల గుడారం వేసుకొని పండుకున్నరు. ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది, ఆయనను కొట్టిన్రు. అది సంతాల్ పరగణా. సంతాల్ ఆతిథ్యం గురించి ఎన్ని పాటలున్నా ఆ రాత్రి వాళ్ళకు పనికిరాలేదు. ఆ వార్త చదివిన రోజు మా చెల్లె ఒక మాట అడిగింది: "అన్నా, వాళ్ళు బయటోళ్ళు కాబట్టి దేశమంతా తెలిసింది. మన పిల్ల అయితే?" నా దగ్గర జవాబు లేకుండె. మా తండాల ఆ సైకిల్ ఆమె నిశ్చింతగ పండుకున్నది, నిజమే. పోచారం అడవి దారిల మా చెల్లె ఒక్కతే సైకిల్ తొక్కుకుంట సాయంత్రం ఇంటికి రాగలుగుతదా? మర్యాద ఉన్నదా లేదా అనేది నేను అట్ల చూస్త.

అందుకని తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఎవరన్న సైకిల్ మీద వస్తే నీళ్ళియ్యండి, రొట్టె పెట్టండి. రొట్టె కొట్టుడు ఈసారి మీరు కొట్టండి, యాడిని మంచం మీద కూసోబెట్టండి. ఫోన్ తీస్తే, అడిగి తియ్యమని చెప్పండి, కింద ఏం రాస్తరో చూపించమనండి. ముచ్చట పెట్టేటప్పుడు పంట బాగున్నదా లేదా అనే కాడ ఆగకండి. ఈ భూమికి పట్టా ఎందుకు రాలేదో, ఫారెస్టోళ్ళు కందకం ఎక్కడ తవ్విన్రో, తండా పంచాయతీ అయినంక ఏం మారింది, ఏం మారలేదో చెప్పండి. వాళ్ళు మన కథ మోసుకపోతరు కదా, ఖాళీ సంచితోని ఎందుకు పంపాలె?

మీరు గూడ సైకిల్ ఎక్కండి. గేర్లది అక్కర్లేదు, బడిల ఇచ్చిన సైకిలైనా చాలు. లింగంపేట నాగన్న బావి మీలో ఎంతమంది చూసిన్రు? దారిన పోయేటోళ్ళు దప్పిక తీర్చుకోనీకి మెట్లు మెట్లుగా దిగిపోయే బావి అది. మన పక్కనే ఉన్నది, చూడనీకి హైదరాబాద్ నుంచి వస్తరు. అక్కడి నుంచి ఎల్లారెడ్డి, పోచారం చెరువు కట్ట. రెండు రోజుల దారి. నడుమల ఏ తండాల పొద్దుగూకితే ఆ తండాల ఆగండి. తెలియని ఇంటి ముందు నిలబడి నీళ్ళు అడగాలంటే ఎంత సిగ్గయితదో ఒక్కసారి తెలిస్తే, షెడ్ల పండుకున్న బీహార్ పిల్లగాని మొఖం మీకు వేరే తీరు కనబడుతది.

మొన్న ఆ వీడియోను మా యాడికి చూపించిన. కింద రాసింది చదివి వినిపించిన. ఆమెకు కోపం రాలేదు. రొట్టె కొంచెం మాడినట్టు కనబడుతున్నదని బాధపడ్డది. మళ్ళ మొత్తం చూసి ఒకటే అడిగింది: "మంచిగనే ఉన్నది. మరి మనల్ని ఎప్పుడు రమ్మన్నరు?"

ఆ మాట ఉన్నది ఉన్నట్టు వాళ్ళకు మెసేజ్ పెట్టిన. ఇంకా జవాబు రాలేదు. మహబూబ్ ఘాట్ ఎక్కుతున్నరేమో, సిగ్నల్ ఉండదు అక్కడ.