గోడలపై కోయ బొమ్మలు

భద్రాచలమునకు పోవు యాత్రికుని కంటికి ఇప్పుడు గోపురముకంటె ముందుగా గోడలు కనబడుచున్నవి. ఖమ్మము మొదలు కొత్తగూడెము, పాల్వంచ, సారపాకల మీదుగా గోదావరి వంతెన దాటువరకు కార్యాలయముల ప్రహరీలపైనను, పాఠశాలల గోడలపైనను రంగుల బొమ్మలు వేయించు ఆచారము ఇటీవల పెరిగినది. అడవిదున్న కొమ్ములు తలదాల్చి డోలు వాయించు కోయ యువకులు, చేయి చేయి పట్టి రేల ఆడు స్త్రీలు, ఇప్పచెట్టు, విల్లమ్ములు - ఇవి తరచుగా కానవచ్చు వస్తువులు. నిన్నటివరకు సినిమా ప్రకటనలకును తాంబూలపు మరకలకును ఆటపట్టయిన గోడ నేడు కన్నులకింపగుట మాకును సంతోషమే. అయినను ఆ గోడయెదుట కొంత తడవు నిలిచి చూచినవారికి ఒక సందేహము కలుగక మానదు. ఇది ఎవరి కథ? ఈ కొమ్ములు ధరించిన వాని గట్టు ఏది? వాని వేల్పు ఎవరు? గోడ చెప్పదు, బొమ్మ వేసిన వానికిని తెలియదు. మరికొన్ని గోడలపై త్రికోణములతోను సన్నని గీతలతోను మనుష్యులను గీచి ఇదియే గిరిజనకళ యనుచున్నారు. అది మహారాష్ట్రమున ఠాణా ప్రాంతమందలి వార్లీల కళ. దాని గొప్పతనము దానికి కలదు, కాదనము. కాని కోయవాని ముంగిట వార్లీవాని బొమ్మ గీచి కోయలను గౌరవించితిమని సంతసించుట, పెండ్లికొడుకు పేరు చూడకయే శుభలేఖలు పంచిపెట్టుట వంటిది.

గోడకును కవిత్వమునకును ఈ సీమలో సంబంధము కొత్తది కాదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, తానీషా కాలమున పాల్వంచ పరగణా తహసీలుదారుగా నుండి, గోలకొండ చెరసాలలో పడెను. ఆ చీకటికొట్టు గోడపైనున్న దేవతారూపములు ఆయన చెక్కినవే యని జనులు నేటికిని విశ్వసించి నమస్కరించుచున్నారు. ఖమ్మము పాఠశాలలో చదివిన దాశరథి కృష్ణమాచార్యులు నిజాము పాలన తుదిదినములలో నిజామాబాదు కోటలోని కారాగారమున బంధింపబడి, కాగితము దొరకని చోట బొగ్గుతో గోడపై పద్యములు వ్రాసెను. వట్టికోట ఆళ్వారుస్వామి అప్పుడక్కడ తోడి ఖైదీ. ప్రభువు నోరు మూయించిన చోట ఆ ఇరువురికిని గోడయే నోరయినది. పాట ముందు పుట్టినది. గోడ తరువాత దొరకినది. నేటి గోడలకు ఈ వరుస తలక్రిందయినది. గోడ ముందు, రంగు తరువాత. పాట మాట ఎవరికిని స్మరణకే రాదు.

ఈ ఇరువురు కవులకంటెను ముందునుండి ఈ అడవిలో బొమ్మను పాటతో ముడివైచిన వారు కోయలు. వారి పడిగెను చూడనివారు పట్టణములలో పెక్కుమంది కలరు. కనుక కొంత వివరింపవలెను. పడిగె యనగా మూడు కోణములు గల పొడవైన గుడ్డజెండా. దానిపై వేరు రంగుల గుడ్డలను కత్తిరించి మనుష్యులను, మృగములను, సూర్యచంద్రులను, చెట్లను కుట్టుదురు. కోయలలో మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు మొదలుగా గోత్రవిభాగములు కలవు. ఏ గట్టు వేల్పు ఎవరు, ఏ తోవను వచ్చిరి, ఏ కొండపై నిలిచిరి, ఎవరితో పోరిరి, ఎవరితో వియ్యమందిరి - ఇదంతయు ఆ గుడ్డపై నున్నది. అయితే గుడ్డ తనంతట తాను మాటాడదు. వేల్పు కొలుపునాడు పడిగెను బయటికి తీసి నిలిపినప్పుడు డోలీ యనువాడు డోలు వాయించుచు ఒక్కొక్క బొమ్మకథను పాడవలెను. పూజారి గుడ్డను కాపాడును. డోలీ కథను కాపాడును. ఒకరి సొత్తు పెట్టెలో నున్నది. మరియొకరి సొత్తు గొంతులో నున్నది. చరిత్రను ఇట్లు రెండు తాళములు వేసి భద్రపరచిన జాతిని చదువురానివారని మనము చెప్పుకొనుచుంటిమి!

మణుగూరు మండలము కూనవరము గ్రామమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు అట్టి డోలీ. సమ్మక్క సారలమ్మల కథను కోయభాషలోను తెలుగులోను గానము చేయగలవారు. 2022లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుద మొసంగినప్పుడు ఇటువంటి కళ యొకటి కలదని దేశమునకు తెలిసినది. మన జిల్లాలోని పట్టణవాసులలోను పెక్కుమందికి అప్పుడే తెలిసినదని చెప్పుకొనుటకు సిగ్గుపడవలసియున్నది. 2024 జూను 23న ఆయన కీర్తిశేషులైరి. అట్టి గాయకుడొకడు కన్నుమూసినప్పుడు, నేర్చుకొనిన శిష్యుడు లేకున్న, ఎన్నియో పడిగెలు ఒక్క దినముననే మూగవోవును. గుడ్డ చెడదు, రంగు వెలియదు. కాని ఆ పులి ఏల అక్కడ నున్నదో చెప్పువాడుండడు.

ఇది వట్టి భయము కాదు. చేర్యాల పటములను చూడుడు. ఆ నకాషీ చిత్రకారులు పూర్వము బొమ్మలు వ్రాసినది గోడలకు తగిలించుటకు కాదు. కాకిపడగలవారు, కూనపులివారు, డక్కలివారు మున్నగు కథకులు తమ్ము పోషించు కులముల యెదుట రాత్రులు పటము విప్పి కథ చెప్పుటకై వ్రాయించుకొనెడివారు. వినువారు తగ్గిరి, కథకుల బ్రతుకు చెడినది, పటము వ్రాయించుకొను వారు కరవైరి. చిత్రకారుడు మాత్రము బ్రతుకవలెను గదా! పెద్ద పటము చిన్న పలకయైనది, అతిథిగృహమునకు అలంకారమైనది, సంతలో అమ్ముడుపోవు ముసుగుబొమ్మయైనది. కళ బ్రతికినదని మనము సంతోషింతము. సగము బ్రతికినదనుట నిజము. ఆ కథకుల పేర్లడుగుడు, కొనువారిలో నూటికొక్కరు చెప్పలేరు.

కోయలు ఈ సీమకు అలంకారము కారు, గృహస్థులు. భద్రగిరిపై రామునికి తొలిపందిరి వేసినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డయని క్షేత్రమాహాత్మ్యమే చెప్పుచున్నది. తహసీలుదారుగారి మండపములు ఆ తాటాకు పందిరికి తరువాతివి. ఆ గృహస్థుల యిల్లే ఇప్పుడు చెదరుచున్నది. గోదావరి పొంగు వారికి కొత్త కాదు. 1986లో భద్రాచలమువద్ద నీరు 75.6 అడుగులు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. వరద తీసినపిమ్మట బురద ఎత్తిపోసి, తడిసిన గింజలెండబెట్టి, మరల అదే చోట గుడిసె నిలుపుకొనుట ఆ యొడ్డుల జనులకు తరతరముల అభ్యాసము. కాని వరద పోయి వచ్చునది. పోలవరపు నీరు వచ్చి నిలుచునది. 2014లో ఏడు మండలములను, కొన్నిటిని పూర్తిగాను కొన్నిటిని భాగముగాను, ఆంధ్రప్రదేశములో చేర్చిరి. భద్రాచల పట్టణము తెలంగాణమున మిగిలెను. ఒకే గట్టువారు, ఒకే వేల్పువారు నేడు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీసుగఢ, ఒడిశాల సరిహద్దులకు అటునిటు చీలియున్నారు. మునుగు ఊరివారిని పునరావాస కాలనీకి చేర్చుటకు లెక్కలు కలవు. చెట్టుక్రింది వేల్పుకు, కొలుపు జరుగు కొండకు, ఆ కొండ పేరుతో నడచు పాటకు లెక్క యేది? చోటు పోయినవానికి మిగులునది కథ యొక్కటే. ఆ కథను గోడపై పెట్టుదుమని మనము చెప్పునప్పుడు చేతనున్న వస్తువు బరువు తెలిసి చెప్పవలెను.

మేడారములో కొంత మేలైన పద్ధతి కానవచ్చుచున్నది. గద్దెల ప్రాంగణమును రాతితో పునర్నిర్మించుటకు 2025లో పూనుకొనిన ప్రభుత్వము, ఆ రాళ్లపై కోయల గోత్రచిహ్నములను, వేల్పుకథలను చెక్కించుటకు పడిగెలనే ఆధారముగా గైకొనినది. రాయి గుడ్డకంటె కఠినము; గుడ్డపై బొమ్మ కొలుపునాడు గాలికి కదలినట్లు అది కదలదు. అయినను అడిగి చెక్కుటకును, అడుగక గీచుటకును చాల దూరము కలదు. మెక్సికో రాజధానిలో డియేగో రివేరా 1929లో జాతీయ సౌధపు గోడలపై ఆ దేశచరిత్రను చిత్రింప మొదలిడినప్పుడు ఆ చరిత్ర చూచువారికి తమదని తెలియును. మన గోడలయెదుట నిలుచు కోయపిల్లవానికి ఆ తెలివి కలుగుచున్నదా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును, అది న్యాయమైనదే. పడిగె పూజావస్తువు. ఏడాది పొడవున మూటలోనుండి, తగిన దినమున, తగిన శుచితో బయటికి వచ్చునది. దానిని బస్సుల పొగలో, రహదారి ధూళిలో నిలుపవచ్చునా? ఈ ప్రశ్నకు ఉత్తరము మేము చెప్పదగినది కాదు. పట్టణపు చిత్రకారుడును, జిల్లా యధికారియు చెప్పదగినది కాదు. ఆ గట్టు పెద్దలు, పూజారులు, డోలీలు చెప్పవలెను. ఏ బొమ్మ బయటికి రావచ్చునో, ఏది రారాదో వారే నిర్ణయింతురు. రాదన్నది రాకుండుటయే మర్యాద. అప్పుడు గోడపై బొమ్మలు తగ్గవచ్చును. తగ్గిన మేలే.

రావచ్చునన్న బొమ్మకు మాత్రము మూడు సంగతులు జరుగవలెనని కోరుచున్నాము. బొమ్మ వేయుటకు ముందు డోలీ ఆ కథను చిత్రకారునియెదుట పూర్తిగా పాడవలెను. చిత్రకారుడు వినవలెను, ఒకటి రెండు దినములైనను సరే. బొమ్మ క్రింద ఆ పాటలోని మాట తెలుగు లిపిలో కోయభాషయందే వ్రాయవలెను. దాని ప్రక్కను తెలుగు అర్థముండవచ్చును. గోండీకి దగ్గరి చుట్టమగు ఆ భాష బజారులో వ్రాతరూపమున కనబడిననాడు, బడికి పోవు కోయబాలిక తన ఇంటిమాట గోడపై చదువుకొనును. మూడవది డబ్బు సంగతి. దీనిని చెప్పుటకు మేము మొగమాటపడము. నేడు గోడచిత్రముల కంట్రాక్టు పత్రములో సున్నమునకు ధర కలదు, రంగుకు ధర కలదు, కూలికి ధర కలదు, చదరపు అడుగునకింతయని లెక్క కలదు. పాడినవానికి వరుస లేదు. వచ్చు శ్రీరామనవమికి గోడలు సింగారింపబూనిన పురపాలకులు టెండరు పిలుచుటకు ముందు ఆ పత్రములో ఇంకొక్క వరుస గీయింతురు గాక. అందు డోలీ పేరును, ఆయనకు చెల్లించు సొమ్మును స్పష్టముగా వ్రాయింతురు గాక.