దెగ్లూర్ కాడ తెగిన పటం

హైదరాబాదులో నాందేడ్ బస్సెక్కితే సంగారెడ్డి, జోగిపేట, పిట్లం, మద్నూరు దాటాక దెగ్లూర్ వస్తుంది. బోర్డుల మీద తెలుగు పోయి మరాఠీ వస్తుంది గానీ, బజార్లో చెవిన పడే మాట అంత తొందరగా మారదు. మన ఇంటిపేర్లే చివర 'వార్' తగిలించుకుని దుకాణాల మీద పలకరిస్తాయి. 1956లో రాష్ట్రాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఈ దెగ్లూర్ తాలూకానే రెండుగా కోశారు. బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి, దెగ్లూర్ బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. పాలనకు గీత కావాలి, కాదనను. ఆ గీత గుళ్లనూ కోటలనూ కూడా ఎందుకు కోయాలన్నదే నా గోడు.

దెగ్లూర్ తాలూకాలో హొట్టల్ అనే ఊరుంది. కల్యాణి చాళుక్యుల కాలపు సిద్ధేశ్వరాలయం, దాని గోడల మీద సురసుందరులు. వాళ్ల అక్కచెల్లెళ్లు బీదర్ జిల్లా జలసంగ్విలో ఉన్నారు. అక్కడొకామె ఆరో విక్రమాదిత్యుణ్ని పొగుడుతూ శాసనం రాస్తూ నిలబడి ఉంటుంది. ఆ చాళుక్యుల రాజధాని నేటి బసవకల్యాణ్, కర్ణాటకలో. తెలంగాణలో వాళ్ల ముఖ్య కేంద్రం కొలనుపాక. ఒక్క రాజవంశం కథ చదవాలంటే మూడు రాష్ట్రాల పుస్తకాలు తిరగేయాలి. ఇక జుక్కల్ మండలంలో కౌలాస్ కోట, 1857 తిరుగుబాటులో చేరిన రాజా దీప్‌సింగ్‌ది. ఇంకో దిక్కున ఉద్గీర్, 1760లో మరాఠా సేనలు నిజాంను ఓడించిన చోటు. గోదావరి ఒడ్డున బాసర. నాందేడ్‌లో, 1708లో గురు గోబింద్ సింగ్ తనువు చాలించిన చోట, తఖ్త్ హజూర్ సాహిబ్. ఒక్క కారులో రెండు మూడు రోజుల పని.

అయినా ఈ దారిని ఒక్క పటం మీద గీసేవాడు లేడు. ముంబయి కొలువు హొట్టల్ గురించి చెప్పుకుంటుంది, కౌలాస్ ఊసెత్తదు. హైదరాబాదుకు కౌలాస్ తెలుసు, హొట్టల్ తనది కాదు. ఇందులో తప్పుపట్టడానికీ లేదు. మన డబ్బు ఖర్చుపెట్టి పక్క రాష్ట్రానికి జనాన్ని పంపమని ఏ శాసనసభ అడుగుతుంది? రెండు రాష్ట్రాలు కలిసి తలపెట్టిన లెండి సాగునీటి ప్రాజెక్టు ఎన్ని దశాబ్దాలు నానిందో దెగ్లూర్ రైతునడగండి.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. 1914లో నిజాం ప్రభుత్వం పెట్టిన పురావస్తు శాఖలో గులాం యజ్దానీ అజంతానూ బీదర్‌నూ రామప్పనూ ఒకే కచేరీ నుంచి చూసుకున్నారు. నిజామును నెత్తిన పెట్టుకోమని కాదు, అప్పుడు చూపుకు హద్దు లేదని మాత్రమే.

ఆ చూపు ఇప్పుడు ఢిల్లీకి ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ ఉన్నట్టుండి పుట్టలేదు. 1945లో సార్జెంట్ కమిటీ, 1949లో రవాణా మంత్రిత్వ శాఖలో ఒక చిన్న విభాగం, 1958లో ప్రత్యేక శాఖ, 1967లో పౌర విమానయానంతో కలిపి మంత్రిత్వ శాఖ. ఇంతా చేసి దాని చేతిలో ఏముంది? వీసా హోం శాఖది. కట్టడాలు సంస్కృతి శాఖవి. రోడ్డు, రైలు ఇంకెవరివో. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలు వెతికినా 'పర్యాటకం' అన్న పద్దు విడిగా కనిపించదు. ఇల్లరికపుటల్లుడి పెత్తనం లాంటిది. మిగిలినవి మూడే: ప్రచారం, కొంత నిధి, పదిమందిని పిలిచి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే హోదా. ప్రచారం 2002లో ఇన్‌క్రెడిబుల్ ఇండియా పేరుతో బ్రహ్మాండంగానే చేసింది. హోదాను మాత్రం పెట్టెలో దాచుకుంది.

2014-15లో స్వదేశ్ దర్శన్ పథకం వచ్చినప్పుడు ఆశ కలిగిన మాట నిజం. బౌద్ధం, రామాయణం, గిరిజనం, తీరం అంటూ పదిహేను ఇతివృత్తాల సర్క్యూట్లు, వాటి కింద 76 ప్రాజెక్టులు. రాముడు రాష్ట్రాలు దాటి నడిచాడు గానీ, ఆయన పేరిట మంజూరైన ప్రాజెక్టులు ఒక్కో రాష్ట్రం చేతికే పోయాయి. 2022లో వచ్చిన రెండో విడత అసలు సర్క్యూట్లనే పక్కనపెట్టి విడివిడి గమ్యాలను పట్టుకుంది. నా లెక్కలో అది వెనకడుగు. గమ్యాన్ని రాష్ట్రం చూసుకోగలదు, దారిని చూడాల్సింది కేంద్రం. ఈ సరిహద్దులో యాత్రికుడికి అందిన అసలైన సాయం కూడా పర్యాటక శాఖది కాదు. 2021 ఏప్రిల్ నుంచి ఒకే ఫీజుతో దేశమంతా తిరిగేలా టూరిస్టు వాహనాలకు పర్మిట్ ఇచ్చింది రోడ్డు రవాణా శాఖ.

దెగ్లూర్‌కు ఎవరొస్తారని నవ్వేవాళ్లుంటారు. 2019లో దేశానికి వచ్చిన విదేశీయులు సుమారు కోటి తొమ్మిది లక్షలు. మన జనం మన దేశంలోనే చేసిన యాత్రలు 230 కోట్లకు పైన. అసలైన టూరిస్టు బాసరలో పిల్లాడికి అక్షరాభ్యాసం చేయించి, ప్రసాదం మూటకట్టుకుని, సాయంత్రానికే ఇంటిదారి పట్టే మన కుటుంబం. వాళ్లను ఇంకో పూట ఆపగలిగితే దెగ్లూర్‌లో ఒక లాడ్జికి, రెండు హోటళ్లకు, పది ఆటోలకు పని దొరుకుతుంది.

అందుకు కోట్లేమీ అక్కర్లేదు. మూడు రాష్ట్రాల అధికారులను దెగ్లూర్‌కే పిలిచి కూర్చోబెట్టి, తెలుగు, మరాఠీ, కన్నడాల్లో ఒక్క పటం వేయించమని కేంద్ర మంత్రిని అడుగుతున్నాను. అది అచ్చయ్యేదాకా ఆగకండి. ఈసారి నాందేడ్ బస్సెక్కినప్పుడు దెగ్లూర్‌లో దిగిపోండి. అక్కణ్నుంచి హొట్టల్ పది కిలోమీటర్ల లోపే.