గృహారోగ్యము: లెమ్మనెడి యంత్రము

ఈ శీర్షికకు వచ్చు జాబులలో కోడండ్రమీది యభియోగములు మాకు క్రొత్తవి కావు. కాని యీ నెల వచ్చిన యొక జాబులో కోడలితోబాటు ఆమె కంప్యూటరు కూడ ముద్దాయియై నిలిచినది. వ్రాసినవారు రాజమహేంద్రవరమునుండి హైదరాబాదు వచ్చి, కొడుకుతోను కోడలితోను కలిసియున్న పెద్దలు. కోడలు కంపెనీ పనిని ఇంటినుండియే చేయును. ఉదయము తొమ్మిది గంటలకు ల్యాప్‌టాప్ తెఱచి కూర్చుండును. "ముప్పావుగంట కొకసారి ఆ యంత్రమున నేదో తెర పడును. అమ్మాయి వెంటనే లేచి, వసారాలోనికి పోయి, చేతులు విదిలించుకొనుచు వేపచెట్టువంక చూచుచు నిలువబడును. ఈ చిక్కుడుకాయలు కాస్త ఈనెలు తీసిపెట్టుమన్నచో, 'ఇది విశ్రాంతి సమయము, అత్తయ్యగారూ' అనును. ఇది ఆఫీసువారు పెట్టిన నియమమా, లేక పని తప్పించుకొనుటకు కనిపెట్టిన ఉపాయమా? నిజము చెప్పుడు" అని వారి ప్రశ్న.

నిజమే చెప్పుదుము. ఇది ఆఫీసువారి నియమము కాకపోవచ్చును. పని తప్పించుకొను ఉపాయము మాత్రము కాదు. కంప్యూటరు వాడువారిని నడుమ నడుమ లెమ్మని హెచ్చరించుటకే వ్రాయబడిన సాఫ్ట్‌వేర్లు చాల గలవు. వానిలో పేరుపొందినది 'వర్క్‌రేవ్'. హాలండు దేశస్థులగు రాబ్ కేలెర్స్, రేమండ్ పెనర్స్ అనువారు 2001 ప్రాంతమున దీనిని ప్రారంభించిరి. దీనికి వెల లేదు; ఎవరైనను తెచ్చుకొని వాడుకొనవచ్చును. దీని గుర్తు గొఱ్ఱె బొమ్మ. గొఱ్ఱెలకు కాపరి యుండుట లోకములోని వాడుక. ఇక్కడ గొఱ్ఱెయే మనుష్యులకు కాపరి యైనది.

అది పనిచేయు తీరు సులభముగా తెలియునదే. కీబోర్డు మీటలు ఎంతసేపు ఆడుచున్నవో, మౌస్ ఎంతసేపు కదలుచున్నదో లెక్కించుకొనుచుండును. మొదట ఏర్పఱచియుంచిన లెక్క ప్రకారము మూడు నిమిషముల పనికి అరనిమిషము, నలువదియైదు నిమిషముల పనికి పది నిమిషములు విశ్రాంతి. దినమునకు నాలుగు గంటలు నిండగానే నేటికి చాలునని చెప్పును. ఈ కొలతలను ఎవరి యవసరమును బట్టి వారు మార్చుకొనవచ్చును. సమయము కాగానే చిన్న హెచ్చరిక కనబడును. దానిని లక్ష్యపెట్టనిచో పెద్ద గడి తెరమీదికి వచ్చును. పది నిమిషముల విశ్రాంతిలో మెడ త్రిప్పుట, భుజములు ఎగురవేయుట మున్నగు చిన్న వ్యాయామములను బొమ్మలతో చూపును. మనంతట మనమే లేచిపోయినచో, దానిని గూడ విశ్రాంతిగానే జమకట్టును. 'స్ట్రెచ్‌లీ' యను వేఱొకటి పది నిమిషముల కొకసారి ఇరువది సెకనులు, అరగంట కొకసారి అయిదు నిమిషములు విశ్రమింపుమనును. కొలతలలో భేదమున్నది గనుక ఏదియు వేదవాక్యము కాదని తెలియుచున్నది. లేవవలెననుటలో మాత్రము రెండింటికిని భేదము లేదు.

కూర్చుండి చేయు పనివలన దేహము చెడునను మాట నిన్న మొన్నటిది కాదు. ఇటలీ దేశమున బెర్నార్దినో రామజ్జీని యను వైద్యుడు ఆయా వృత్తులవారికి వచ్చు వ్యాధులనుగూర్చి 1700లో నొక గ్రంథము ప్రకటించి, 1713లో దానిని పెంచెను. ఆ పెంచిన భాగమున వ్రాతగాండ్రనుగూర్చిన ప్రకరణ మొకటి గలదు. నిరంతరము కూర్చుండుట, చేయి ఎడతెగక ఒకే తీరున ఆడుట, తప్పు దొరలునేమో యని మనస్సు బిగబట్టియుండుట, ఈ మూడే వారి బాధలకు మూలమని ఆయన నిర్ణయించెను. జీవితమంతయు వ్రాతపనిలోనే గడపిన యొక లేఖరికి కుడిచేయి పడిపోయెననియు, అతడు ఎడమచేతితో వ్రాయ నేర్చుకొనగా కొలదికాలమునకు ఆ చేతికిని అదే గతి పట్టెననియు చెప్పియున్నాడు. కలము పోయి కీబోర్డు వచ్చినను ఆ మూడును మాఱలేదు. మనస్సు బిగబట్టుట మునుపటికంటె పెరిగినదేమో యని మా యనుమానము.

కదలక కూర్చున్నవారు పని చేయుటలేదని చూచువారికి తోచును. కాని మెడయు భుజములును తలను, చేతులను మోయుచునే యుండును. నిండుబిందెను చంకనెత్తుకొని నడచుట మనకు కష్టము గాదు. ఖాళీ బిందెనైనను చేయి చాచి పట్టుకొని పది నిమిషములు కదలక నిలువుమన్నచో ఎవరికిని సాధ్యము గాదు. బిగిసియున్న కండరములో రక్తము చక్కగా పాఱదు. అది సడలుటకు గంటల నిద్ర అక్కఱలేదు. కొలది నిమిషముల కదలిక చాలును, గాని అది నొప్పి పుట్టకముందే కావలెను.

కన్నుల సంగతి వేఱు. ఱెప్పపాటు కన్నీటిని కంటిపై పలుచగా పఱచును. 1993లో జపాను దేశపు వైద్యులు ప్రకటించిన లెక్క ప్రకారము, ఊరక కూర్చున్నపుడు నిమిషమునకు సగటున 22 మాఱులును, పుస్తకము చదువునపుడు 10 మాఱులును, కంప్యూటరు తెరను చూచునపుడు 7 మాఱులు మాత్రమే ఱెప్పలు వాలినవి. సాయంకాలమునకు కన్నులలో ఇసుక పడినట్లుండుటకు ఇది యొక కారణము. పైగా దగ్గఱి వస్తువును చూచినంతసేపును కంటిలోని చిన్న కండరము బిగిసియుండును. దూరముగా చూచినపుడే సడలును. ఇరువది నిమిషముల కొకసారి, ఇరువది అడుగుల దూరమున నున్నదానిని, ఇరువది సెకనులపాటు చూడవలెనని అమెరికా దేశపు నేత్రపరీక్షకుడు జెఫ్రీ ఆన్షెల్ చెప్పినది ఇందుకే. మూడు ఇరువదులును జ్ఞాపకముంచుకొనుటకు సులువుగా కూర్చినవి; వేపచెట్టు ముప్పది అడుగుల దూరమున నున్నను దోషము లేదు. ఆ కోడలు చెట్టువంక చూచుట సోమరితనము గాదని జాబు వ్రాసినవారు దయతో గ్రహింతురు గాక.

విశ్రాంతి యిచ్చినచో పని తఱుగునను భయము యజమానులకు సహజము. అమెరికా దేశపు ఆదాయపు పన్ను శాఖలో దినమంతయు అంకెలు కొట్టు ఉద్యోగులను పరీక్షించి అచ్చటి ప్రభుత్వ పరిశోధకులు 2000లో దీనికి సమాధానము చెప్పిరి. పూర్వమున్న విరామములకు తోడు, విరామము లేని ప్రతి గంటకు అయిదు నిమిషముల చొప్పున దినమునకు ఇరువది నిమిషములు అదనముగా ఇచ్చి చూచిరి. నొప్పులును కన్నుల బడలికయు తగ్గినవి. పని మాత్రము తఱుగలేదు. 2023లో ప్రకటితమైన వేఱొక పరిశోధన నేరుగా ఈ హెచ్చరికలకు సంబంధించినది. కంటి బాధలున్న 29 మంది కంప్యూటర్లలో రెండు వారములపాటు ఇరువదుల లెక్క ప్రకారము హెచ్చరిక పెట్టిరి. బాధలు తగ్గినవి. హెచ్చరిక తీసివేసిన వారమునకు ఆ మేలు నిలువలేదు. మఱచిపోవుట మనుష్య స్వభావము గనుక, గుర్తుచేయుట దినదినమును జరుగవలసినదే యని మేము దీనినుండి గ్రహించితిమి. ఐరోపా సమాజము 1990లో చేసిన శాసనమున, తెరముందు చేయు పనికి నడుమ నడుమ విరామ ముండవలెనని యజమానులను నిర్బంధించెను.

ఇంతవఱకు శాస్త్రము. ఇక సంసారము.

ఆఫీసులో తెర పడినచో ఉద్యోగి లేచి, మంచినీళ్ళు త్రాగి, నలుగురితో నాలుగు మాటలాడి వచ్చును. ఇంటినుండి పనిచేయు స్త్రీ లేచినచో ఎదురుగా వంటయిల్లు. తొట్టిలో గిన్నెలు, తీగపై తడిబట్టలు, కుక్కరు కూతలు, బడినుండి వచ్చిన పిల్లవాని ఆకలి. పది నిమిషములు కనబడగానే అందు నాలుగు పనులు ఇమిడ్చుట మన స్త్రీలకు పుట్టుకతో వచ్చిన నేర్పని మెచ్చుకొనువారున్నారు. ఆ మెప్పు మనకు వలదు. మీట లాడనంతసేపును ఆ గొఱ్ఱె విశ్రాంతియే యని లెక్క వ్రాసికొనును. గిన్నెలు తోముచున్న చేతిని అది చూడజాలదు. చిక్కుడుకాయల ఈనెలు తీయువారిని గమనింపుడు. మెడ వంగియుండును, చూపు జానెడు దూరమున నిలిచియుండును, బొటనవ్రేలును చూపుడువ్రేలును ఎడతెగక ఒకే తీరున ఆడుచుండును. కీబోర్డువద్ద అలసిన అవయవములే మరల అలయును. ఒక గంట తరువాతనో, సాయంకాలము పని ముగిసిన పిదపనో కోడలు ఆ కాయలు తీయుటలో తప్పు లేదు. ఆ పది నిమిషములలో మాత్రము కూడదు. ఈ వ్యవహారమున కోడలి పక్షమే మాకు న్యాయముగా తోచుచున్నది.

అట్లని పెద్దలకు కోపము వచ్చుటలో న్యాయము లేదనము. జాబునకు చివర, సంతకమునకు క్రింద, "నాకును మోకాళ్ళ నొప్పులే" అని యొక పంక్తి వ్రాసియున్నారు. ఆ జాబంతటిలో మాకు ముఖ్యముగా తోచినది ఆ పంక్తియే. ఉదయము అయిదు గంటలనుండి పొయ్యివద్ద నిలిచిన స్త్రీకి ఏ తెరయు పడదు, ఏ గొఱ్ఱెయు లెక్క వ్రాయదు. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము అయిదు గంటల పని దాటకముందే కార్మికునకు అరగంట విశ్రాంతి యిమ్మని విధించెను. అది వంటయింటి గడప దాటి రాలేదు. పూర్వము వడ్లు దంచునపుడు ఇద్దఱు నిలిచి రోకళ్ళు మార్చి మార్చి వేసెడివారు. ఒకరి రోకలి దిగునపుడు వేఱొకరి రోకలి లేచును. ఆ క్షణమున ఒకరి చేతికి ఊపిరి యుండెడిది. ఒంటరిగా చేయు నేటి పనులలో ఆ ఊపిరి పోయినది.

కావున మా సలహా యిది. కోడలి కంప్యూటరులో తెర పడునపుడు అత్తగారును పొయ్యి తగ్గించి వసారాలోనికి పోవలెను. ఉదయమునుండి కూర్చున్నది కోడలు గనుక ఆమె నిలుచుండి నడుచును. ఉదయమునుండి నిలిచినవారు అత్తగారు గనుక వారు పీటమీదగాక కుర్చీలో కూర్చుండి కాళ్ళు చాచుకొందురు. ఒక యంత్రము ఇద్దఱికిని పనికివచ్చును. కొడుకు సంగతి జాబులో లేదు. చిక్కుడుకాయలు ఆయన చేతులకు అందవని మేమనుకొనము.

ఈ సాఫ్ట్‌వేరును క్రొత్తగా పెట్టుకొనువారికి కొన్ని మాటలు. మూడు నిమిషముల కొకసారి ఆపుట మొదట విసుగు పుట్టించును; అది భరింపలేక మొత్తమునే తీసివేసినవారిని మేమెఱుగుదుము. మొదట పెద్ద విరామమును మాత్రముంచుకొని, చిన్నవానిని తరువాత కలుపుకొనుట మేలు. హెచ్చరికతోబాటు 'తరువాత చూతము' అనుటకు ఒక మీటయు, 'దాటవేయుము' అనుటకు ఒక మీటయు కనబడును. మొదటిది అత్యవసరమైనచో నొక్కవచ్చును. రెండవదానిని తెరపై కనబడకుండ చేసికొను వీలున్నది, చేసికొనుడు. వీడియో సమావేశములలో గంటలకొలది చూచుచు వినుచు కూర్చున్నను, మీటలు ఆడవు గనుక యంత్రము దానిని విశ్రాంతి యనుకొనును. అట్టివారికై వర్క్‌రేవ్‌లో చదువుకొనువారి పద్ధతి యని వేఱొక యేర్పాటున్నది. అది మీటలతో నిమిత్తము లేక కాలమును లెక్కించును. రాత్రి నిద్రలో బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చుచున్నచో, మణికట్టులో నరము నొక్కబడుచున్నదేమో యని వైద్యునికి చూపవలెను. గర్భిణులకు ఇది తఱచుగా వచ్చును. దానికి విశ్రాంతి హెచ్చరికలు మాత్రమే చాలవు.

కంప్యూటరు లేని యిండ్లలో ఫోనులోని అలారము చాలును. గంట కొకసారి మ్రోగునట్లు పెట్టి, పొయ్యివద్ద నిలుచువారు ఫోనును ముందుగదిలో కుర్చీ ప్రక్కన నుంచవలెను. కుట్టుమిషను ముందు కూర్చుండువారు వాకిటి గూటిలో నుంచవలెను. దాని నోరు మూయుటకైనను అంతవఱకు పోవలసివచ్చును.